లోపలి అంచు తినేస్తున్న సెడాన్: టైర్లు మార్చాలా, బుష్షులా, సైజా?

బయట నుంచి చూస్తే వెనక టైరు బాగానే ఉంది. ఇంకో ఏడాది ఢోకా లేదని పంక్చర్ అబ్బాయి కూడా అన్నాడు. కారు లిఫ్ట్ ఎక్కాక కదా సంగతి తెలిసింది: లోపలి అంచు వెంబడి రెండు వేళ్ల వెడల్పున రబ్బరు పూర్తిగా పోయి, లోపలి వైరు మెరుస్తోంది. తిరిగింది 18 వేల కిలోమీటర్లు. ముందువారమే అవే టైర్లతో వానలో ఔటర్ రింగ్ రోడ్డు మీద 100 దాటి వెళ్లాను. ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి.

కొత్త టైరు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. 1.6కి వస్తే చట్టప్రకారం పనికిరాదు. గాడుల్లో కనిపించే చిన్న దిమ్మలు ఆ హద్దుకే గుర్తు. అయితే ఆ దిమ్మలు ఉండేది పెద్ద గాడుల్లో. అంచు సంగతి వాటికి తెలీదు. ముందు టైరైతే స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపలి వైపు కనిపిస్తుంది. వెనకదానికి చెయ్యి పెట్టి తడమాల్సిందే.

నాది వెనక చక్రాలతో నడిచే లగ్జరీ సెడాన్, సెకండ్ హ్యాండ్. ముందు టైర్ల సైజు 225/45 R18, వెనక 255/40 R18 (మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు శాతం, చివరిది అంగుళాల్లో రిమ్ము). నాలుగూ రన్‌ఫ్లాట్, అంటే గాలి పోయినా కొంత దూరం నడిచే టైర్లు. ఇలాంటి కారుకి ఈ జబ్బు వస్తే డబ్బు పెట్టడానికి నాలుగు దారులున్నాయి: అలాంటివే కొత్త టైర్లు వేయడం, అలైన్‌మెంట్‌తో (చక్రాల కోణాలు సరిచేయడం) పాటు బుష్షులు (చక్రాన్ని పట్టుకునే కడ్డీల కీళ్లలోని రబ్బరు ముక్కలు) చూపించడం, రన్‌ఫ్లాట్ మాని మామూలు టైర్లకు మారడం, నాలుగు చక్రాలకూ ఒకే సైజు పెట్టడం. ఒక్కోటీ ఒక్కో సమస్యకు మందు. చిక్కంతా మనం ఒకదాని మందు ఇంకోదానికి వాడటంలోనే ఉంది.

కొత్త టైర్లా, అలైన్‌మెంటా?

అసలు ఇది పోటీయే కాదు, కానీ షోరూముల్లో జరిగేది ఇదే. అరిగింది కాబట్టి కొత్తవి వేస్తారు, మళ్లీ 18 వేలకు అదే కథ. రెండోసారి బిల్లు కట్టేటప్పుడు ఒక పాత మెకానిక్ అన్న మాట: "సార్, టైరుది తప్పు కాదు. టైరు మీకు చెప్తోంది, మీరు వినట్లేదు."

లోపలి అంచు అరిగిందంటే అందరూ ముందు క్యాంబర్‌ని తిడతారు. చక్రం పైభాగం లోపలికి వాలి ఉండటమే క్యాంబర్. స్పోర్టీ సెడాన్లకు వెనక ఒకటిన్నర, రెండు డిగ్రీల దాకా ఆ వాలు కంపెనీయే పెడుతుంది, మలుపులో పట్టు కోసం. దానివల్ల లోపలి వైపు కొంచెం ఎక్కువ అరగడం నిజమే. కానీ ఒక్క క్యాంబర్ వల్లే 18 వేలకు వైరు బయటపడదు. అసలు దొంగ టో. అంటే పై నుంచి చూసినప్పుడు చక్రాలు నేరుగా కాకుండా లోపలికో బయటికో తిరిగి ఉండటం.

లెక్క వేసి చూడండి. ఒక చక్రం డిగ్రీలో ఆరో వంతు, అంటే కోణం కొలతలో 10 నిమిషాలు, పక్కకు తిరిగి ఉందనుకుందాం. కంటికి కనపడదు. కానీ ప్రతి కిలోమీటరుకీ ఆ టైరు సుమారు 3 మీటర్లు పక్కకు ఈడ్చినట్టు లెక్క. 10 వేల కిలోమీటర్లకు 29 కిలోమీటర్లు రోడ్డు మీద రబ్బరు పెట్టి రుద్దినట్టు. వాలు వల్ల బరువు ఎలాగూ లోపలి అంచు మీదే ఎక్కువ, కాబట్టి ఆ రుద్దుడంతా అక్కడే పడుతుంది.

అరచేతితోనే దీన్ని పట్టుకోవచ్చు. టైరు మీద చెయ్యి అడ్డంగా ఒకవైపుకు జరిపితే నున్నగా, వెనక్కి జరిపితే రంపం పళ్లలా గీరుకుంటే అది టో. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. గుంతలు గుంతలుగా అరిగి, 60 దాటాక గుయ్యిమని మోత వస్తుంటే షాకప్‌లు చూపించండి. ఆ మోత విని వీల్ బేరింగ్ మార్పించినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు. బేరింగులు మారాయి, మోత మారలేదు.

ఇక అలైన్‌మెంట్ అనే మాటతో జాగ్రత్త. చాలా షాపుల్లో అలైన్‌మెంట్ అంటే ముందు చక్రాల టో సరిచేసి పంపడం. ఈ కార్లకు వెనక కూడా టో, క్యాంబర్ తిప్పుకునే బోల్టులుంటాయి. అవి తుప్పు పట్టి బిగుసుకుపోతే "వెనక ఓకే సార్" అంటారు. మెషిన్ ఇచ్చే కొలతల ప్రింటు తీసుకోండి. ఆకుపచ్చ రంగు కనపడగానే సంతోషించకండి. ఆకుపచ్చ అంటే హద్దుల్లో ఉందని మాత్రమే. హద్దు చివర ఉన్నా పచ్చగానే ఉంటుంది. ఎడమ, కుడి అంకెలు రెండూ ఒకటిగా, హద్దు మధ్యకు దగ్గరగా ఉండేలా చేయమనండి.

ఇంకో సంగతి. బీఎండబ్ల్యూ పాత మూడో సిరీస్‌కి అలైన్‌మెంట్ కొలిచేటప్పుడు కారు ఖాళీగా ఉండకూడదు: ముందు సీట్లలో ఒక్కోదాని మీద 68 కిలోలు, వెనక సీటు మధ్యలో 68, డిక్కీలో 21, ట్యాంకు నిండా పెట్రోలు ఉండాలి. ఆ బరువుకి కారు కిందికి దిగినప్పటి కొలతలవి. ఖాళీ కారు మీద అవే అంకెలు పెడితే, ఇంట్లో అందరూ ఎక్కాక లెక్క తప్పుతుంది. నేను మా వీధి కిరాణా కొట్టు నుంచి బియ్యం బస్తాలు ఎక్కించుకుని వెళ్లాను. షాపులో వాళ్లు నవ్వారు, కానీ చేశారు.

బుష్షులు పోయి ఉంటే మాత్రం ఈ శ్రమంతా వృథా. లిఫ్ట్ మీద నిలబెట్టినప్పుడు అంకె సరిగ్గానే ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు, గుంతలో పడినప్పుడు రబ్బరు సాగి చక్రం తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. నా కారుకి వెనక చక్రాన్ని పట్టుకునే ఒక ఆర్మ్ (కడ్డీ) బుష్ చీలి ఉంది. కాబట్టి వరుస ఇది: ముందు బుష్షులు, తర్వాత టైర్లు, అదే రోజు అలైన్‌మెంట్. తారుమారు చేస్తే డబ్బులు రెండుసార్లు.

కొందరు స్ప్రింగులు కోయించి కారుని కిందికి దించుతారు. చూడ్డానికి బాగుంటుంది. క్యాంబర్ పెరుగుతుంది, టో మారుతుంది. వాళ్లకు నా దగ్గర మందు లేదు.

రన్‌ఫ్లాటా, మామూలు టైరా?

రన్‌ఫ్లాట్ తీసేస్తే లోపలి అరుగుదల ఆగుతుందని కొందరి నమ్మకం. ఆగదు. కోణం తప్పుగా ఉంటే ఏ టైరైనా ఒకటే. ఈ ప్రశ్నను అరుగుదల కోసం కాకుండా మన రోడ్ల కోసం వేసుకోవాలి. రన్‌ఫ్లాట్ పక్క గోడ గట్టిది. గాలి మొత్తం పోయినా 80 వేగంతో సుమారు 80 కిలోమీటర్లు వెళ్లొచ్చు. అదే గట్టిదనం వల్ల గుంత దెబ్బ నేరుగా అల్లాయ్ రిమ్ముకి, మన నడుముకి తగులుతుంది. గాలి లేకుండా నడిపాక పంక్చర్ వేయించుకోవద్దని చాలా కంపెనీలు చెప్తాయి. అంటే ఒక మేకుకి ఒక టైరు.

రాత్రిపూట ఒంటరిగా నల్లమల ఘాట్‌లోనో, హైవే మీదో తిరిగేవాళ్లయితే రన్‌ఫ్లాటే ఉంచుకోండి, ఆ ధైర్యానికి డబ్బు పెట్టొచ్చు. ఊళ్లోనే ఎక్కువ తిరిగేవాళ్లకు మామూలు టైర్లు, డిక్కీలో ఒక స్పేర్, గాలి పంపు చాలు. స్పేర్ పెట్టడానికి చాలా కార్లలో గుంట ఉండదు, సామాను చోటు పోతుంది. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు ఇంట్లో ఆ గొడవ ఖాయం.

రెండు సైజులా, ఒకటే సైజా?

దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. 225/45 R18, 255/40 R18 రెండింటి వ్యాసం దాదాపు ఒకటే, తేడా మిల్లీమీటరున్నర. కానీ వెడల్పు వేరు కాబట్టి వెనకది ముందుకు రాదు. వెనక చక్రాలు కారుని తోస్తాయి, త్వరగా అరుగుతాయి. ముందువి సగం జీవితంతో ఉండగానే వెనక జత కొనాలి. నాలుగూ ఒకే సైజైతే 8 వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చుకుని నాలుగింటినీ సమంగా అరగదీయొచ్చు.

పోయేదేమిటి? వెనక వెడల్పు, దాంతో వచ్చే కొంత పట్టు, ఆ ఠీవి. 120 మించి నడపడానికి వీల్లేని రోడ్ల మీద ఆ పట్టు రోజూ వాడేదెవరు? ఇంజిన్ బలం మరీ ఎక్కువున్న కార్లకు మాత్రం ఈ సలహా వర్తించదు. పైగా వెనక రిమ్ముల వెడల్పు కూడా వేరే కాబట్టి, సరిగ్గా చేయాలంటే రెండు రిమ్ములు కొనాలి. టైర్ల మీద లోడ్ అంకె (ఎంత బరువు మోయగలదో), స్పీడ్ అక్షరం (ఎంత వేగం తట్టుకోగలదో) కంపెనీ చెప్పినదానికి తగ్గకూడదు. ఇంజిన్ నాలుగు చక్రాలనూ తిప్పే కారైతే వ్యాసంలో చిన్న తేడా కూడా గేర్ల మీద పడుతుంది, సొంత ప్రయోగాలు వద్దు.

రెండు సైజులే ఉంచుకునేవాళ్లకు ఒక కిటుకు. టైరు మీద తిరిగే దిశ బాణం ఉంటే, దాన్ని రిమ్ము నుంచి ఊడదీసి తిరగేసి, ఎడమది కుడికి, కుడిది ఎడమకి వేయించండి. బాణం సరిగ్గానే ఉంటుంది, లోపలి అంచు బయటికి వస్తుంది. వైరు కనపడేదాకా ఆగకుండా సగం జీవితంలోనే చేయాలి. లోపలి వైపు, బయటి వైపు అని రాసి ఉన్న టైర్లకు ఇది కుదరదు. అందుకే కొనేటప్పుడే అడగండి.

నేను బుష్షులు, అలైన్‌మెంట్ చేయించి వెనక రెండే కొత్తవి వేయించాను, మామూలువి. ముందు రెండు రన్‌ఫ్లాట్లు ఇంకా ఉన్నాయి; ఇలా కలపడం మంచిది కాదని తెలుసు, అందుకే అవి అరిగేదాకా ఆగకుండా, నాలుగూ ఒకే సైజుకి మారడానికి రెండు రిమ్ములకు బేరం పెట్టాను. మొన్న 6 వేల కిలోమీటర్లకు లోతు కొలిస్తే లోపల 6.6, బయట 6.9.