500 ఎర్రర్ వస్తే: తెర మీద చూడాలా, లాగ్ తెరవాలా, టెర్మినల్‌లో నడపాలా?

సర్వర్ వైపు ఏదో చెడితే బ్రౌజర్‌లో '500 ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్' అని ఒక్క ముక్క పడుతుంది. ఏ ఫైలో, ఏ లైనో, ఎందుకో ఉండదు. పైగా పేజీ పీహెచ్‌పీ భాషలో రాసిందైతే ఒక్కోసారి ఆ ముక్క కూడా లేకుండా తెల్ల పేజీ వచ్చి కూర్చుంటుంది. అసలు సంగతి రాబట్టడానికి మూడు దారులున్నాయి: ఎర్రర్‌ని బ్రౌజర్‌లోనే చూపించమనడం, సర్వర్ లాగ్ (తప్పులు రాసిపెట్టే ఫైలు) చదవడం, స్క్రిప్టును (పేజీని తయారుచేసే ప్రోగ్రామును) టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీలో, చేత్తో నడిపి చూడడం. చాలామంది ఇదే వరసలో వెళ్తారు. నేనూ చాలాకాలం అలాగే వెళ్లాను. ఇప్పుడు మాత్రం ముందు లాగ్ తెరుస్తాను.

తెర మీద చూడడంలో సుఖం కాదనలేం. పీహెచ్‌పీలో 'డిస్‌ప్లే ఎర్రర్స్' ఆన్ చేస్తే చాలు, పెర్ల్ అనే భాషలో అయితే సీజీఐ కార్ప్ మాడ్యూల్‌ని 'ఫేటల్స్ టు బ్రౌజర్'తో కలుపుకుంటే చాలు. పేజీ రిఫ్రెష్ కొట్టగానే లైన్ నంబరుతో సహా కళ్లముందు ఉంటుంది. సొంత కంప్యూటర్‌లో పని చేసుకుంటున్నప్పుడు దీన్ని మించింది లేదు.

చిక్కల్లా ఏమిటంటే, తన తప్పు తాను చెప్పుకోవాలంటే స్క్రిప్టు ముందు మొదలవ్వాలి కదా. ఫైలు పైన 'ఇని సెట్' అని రాసి ఎర్రర్లు చూపించమంటాం. అదే ఫైల్లో కింద ఎక్కడో సెమికోలన్ మర్చిపోతాం. పీహెచ్‌పీ ఫైలు మొత్తం చదివాకే నడపడం మొదలుపెడుతుంది కాబట్టి, మనం పైన రాసిన లైను అమలయ్యే వంతే రాదు. మళ్లీ తెల్ల పేజీ. దీనికో చిన్న ఉపాయం ఉంది: ఇని సెట్ లైనును వేరే చిన్న ఫైల్లో పెట్టి, దాన్నుంచి అసలు ఫైలును ఇన్‌క్లూడ్ చేయండి. అప్పుడు పార్స్ ఎర్రర్ (కోడు చదవడంలోనే దొరికే తప్పు) కూడా కనబడుతుంది. అది చూపించే లైన్ నంబరును మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. పార్సర్ ఎక్కడ తికమకపడిందో అదే చెబుతుంది, సెమికోలన్ పోయింది చాలాసార్లు దాని పై లైనులో.

లైవ్ సైటులో మాత్రం దీని జోలికి పోవద్దనే అంటాను. డేటాబేస్ కనెక్షన్ ఫెయిలై, ఆ ఎర్రర్‌ని (ఎక్సెప్షన్‌ని) కోడులో ఎక్కడా పట్టుకోకపోతే, స్టాక్ ట్రేస్‌లో (తప్పు ఏయే ఫంక్షన్ల గుండా వచ్చిందో చూపే జాబితాలో) యూజర్ పేరూ పాస్‌వర్డూ కూడా దొర్లే వీలుంది. ఇంకొకటి చాలామంది గమనించరు. డిస్‌ప్లే ఎర్రర్స్ ఆఫ్‌లో ఉంటే ఫేటల్ ఎర్రర్‌కి పీహెచ్‌పీ 500 పంపుతుంది. ఆన్‌లో ఉంటే ఎర్రర్ మాటలు పేజీలో రాసి, స్టేటస్ మాత్రం 200, అంటే 'సవ్యం' అని పంపుతుంది. అంటే సైటు పడిపోయినా, ఆ స్టేటస్ నంబరు మాత్రమే చూసే మానిటరింగ్ 'అంతా బాగుంది' అనే అంటుంది.

లాగ్ సంగతి వేరు. అక్కడ రాసేది స్క్రిప్టు ఒక్కటే కాదు, సర్వర్ కూడా. స్క్రిప్టు నోరు విప్పకముందే చచ్చిపోయినా సర్వర్ సాక్ష్యం చెబుతుంది. వెబ్ సర్వర్ అపాచీ అనుకుంటే, డెబియన్, ఉబుంటు లైనక్సుల్లో అది వార్ కింద లాగ్, దాని కింద అపాచీ2 ఫోల్డర్‌లో ఉంటుంది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఆ ఫోల్డర్ పేరు హెచ్‌టీటీపీడీ. ఒక కిటికీలో 'టెయిల్ మైనస్ ఎఫ్'తో లాగ్ తెరిచి ఉంచి, పక్క కిటికీలో పేజీ రిఫ్రెష్ కొడితే కొత్త లైను అప్పటికప్పుడే పడుతుంది. పాత లైన్ల గుట్టలో వెతికే బాధ ఉండదు.

అందులో ఎక్కువగా భయపెట్టే లైను 'ఎండ్ ఆఫ్ స్క్రిప్ట్ అవుట్‌పుట్ బిఫోర్ హెడర్స్'. పాత అపాచీలో ఇదే 'ప్రిమెచ్యూర్ ఎండ్ ఆఫ్ స్క్రిప్ట్ హెడర్స్' అని ఉండేది. కంటెంట్ టైప్ హెడరూ (వచ్చేది ఏ రకం పేజీయో చెప్పే లైను), దాని తర్వాత ఖాళీ లైనూ రావాల్సిన చోట స్క్రిప్టు ఏమీ ఇవ్వకుండా ముగిసిందని దీని అర్థం. ఇది ఫలితమే, కారణం కాదు. కారణం సాధారణంగా దాని పై లైనులోనే ఉంటుంది. కింది లైను చూసి కంగారుపడి గూగుల్‌లోకి పరిగెత్తితే సగం రోజు పోతుంది.

నాకు పోయింది కూడా. ఒక పెర్ల్ స్క్రిప్టును విండోస్‌లో సరిచేసి సర్వర్‌కి ఎక్కించాను. 500. లాగ్ చూస్తే 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ'. ఫైలు కళ్లెదురుగానే ఉంది, పర్మిషన్ 755 (ఎవరైనా నడపొచ్చు) ఉంది. టెర్మినల్‌లో 'పెర్ల్ మైనస్ సీ' (నడపకుండా సింటాక్స్ మాత్రం చూసే కమాండ్) కొడితే 'సింటాక్స్ ఓకే' అంది. లాగే తప్పు చెబుతోందనుకున్నాను! చివరికి 'క్యాట్ మైనస్ పెద్ద ఏ'తో ఫైలు చూస్తే ప్రతి లైను చివరా టోపీ గుర్తు, ఎమ్, డాలర్. విండోస్ లైను ముగింపులు. స్క్రిప్టును ఏ ప్రోగ్రామ్ నడపాలో చెప్పే మొదటి లైనులో ఉన్న పెర్ల్ దారి చివర కూడా ఆ కనిపించని అక్షరం అంటుకుంది. సర్వర్ వెతికింది నా స్క్రిప్టు కోసం కాదు, 'పెర్ల్' తర్వాత ఆ అక్షరం కూడా ఉన్న ప్రోగ్రామ్ కోసం. అది నిజంగానే లేదు. లాగ్ చెప్పింది అక్షరాలా నిజం, నాకే చదవడం రాలేదు.

మరి టెర్మినల్ ఎందుకు 'ఓకే' అంది? 'పెర్ల్' అని నేనే ముందు టైప్ చేశాను కాబట్టి మొదటి లైనులోని దారితో దానికి పని పడలేదు. డాట్, స్లాష్ పెట్టి ఫైలునే నేరుగా నడిపి ఉంటే 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' అని అక్కడే దొరికేది.

అందుకే టెర్మినల్‌కి రెండో స్థానం. సింటాక్స్ చూడడానికి దానంత వేగం దేనికీ లేదు. పీహెచ్‌పీకి 'మైనస్ ఎల్' కొడితే క్షణంలో తేలుతుంది, సైటుకి ఎక్కించే ముందు ఆ ఒక్క అలవాటు ఉన్నా సగం టెన్షన్ తగ్గుతుంది. కానీ అక్కడ స్క్రిప్టును నడిపేది మీరు. సైటులో నడిపేది డెబియన్‌లో అయితే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ డేటా అనే యూజర్. మీరు తెరవగలిగిన ఫైలు అతనికి తెరుచుకోకపోవచ్చు. పీహెచ్‌పీకి టెర్మినల్‌లో వేరే ఇని (సెట్టింగుల) ఫైలు ఉండొచ్చు, వెర్షనే వేరు కావచ్చు. సైటులో మామూలుగా 30 సెకన్లు ఉండే సమయ పరిమితి టెర్మినల్‌లో అసలు ఉండదు. కాబట్టి 'నా దగ్గర పని చేస్తోంది' అన్న మాటకు ఇక్కడ విలువ తక్కువ. సుడో కమాండ్‌తో ఆ యూజర్‌గానే నడిపి చూస్తే కొంత నమ్మొచ్చు.

అన్నట్టు, 'ఏమీ అర్థం కాకపోతే పర్మిషన్ 777 (అందరికీ అన్ని హక్కులూ) పెట్టి చూడు' అనే సలహా వింటుంటాం. సూఎగ్జెక్ (స్క్రిప్టును దాని సొంతదారు యూజర్‌గా నడిపే అపాచీ భాగం) ఉన్న సర్వర్‌లో అందరూ రాయగలిగే స్క్రిప్టును నడపడానికి అది ఒప్పుకోదు. బాగున్న స్క్రిప్టు కూడా 500 ఇస్తుంది. దాని గొడవ సూఎగ్జెక్ సొంత లాగ్‌లో ఉంటుంది, అక్కడ చూడండి.

ఇక 502, 504 వస్తే తెర మీద వెతికి లాభం లేదు. అవి స్క్రిప్టు నడిపే ప్రోగ్రామ్‌కి ముందు నిలబడే ఎన్‌జిన్‌ఎక్స్ లాంటి సర్వర్ చెప్పే మాటలు: వెనకవాడు సరైన జవాబు ఇవ్వలేదనో, సమయానికి ఇవ్వలేదనో. నేరుగా లాగ్‌కే.

షేర్డ్ హోస్టింగ్‌లో (ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునే చోట) సర్వర్ లాగ్ ఇవ్వకపోతే, పీహెచ్‌పీలో 'ఎర్రర్ లాగ్' సెట్టింగ్‌తో మీ సొంత ఫైలుకి రాయించుకోవచ్చు. ఆ ఫైలును వెబ్ ఫోల్డర్ బయట పెట్టండి. లోపల పెడితే, తెర మీద దాచిన పాస్‌వర్డే అడ్రస్ ఊహించినవాళ్లెవరికైనా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది.