ఫారెక్స్ కార్డు: కిట్‌లో వచ్చే ఆ రెండో కార్డు ఇంట్లో వదిలేయకండి

విదేశాల్లో వాడుకోవడానికి ముందే అక్కడి డబ్బు వేయించుకునే ఫారెక్స్ కార్డు ఎలా ఉందని ఎవరడిగినా నేను రేటు సంగతి ఎత్తను. కిట్‌లో ఇచ్చే రెండో కార్డు గురించే చెప్తాను. చాలామంది దాన్ని కవరు కూడా విప్పకుండా బీరువాలో పడేస్తారు.

మాది చీమకుర్తి, గ్రానైట్ వ్యాపారం. సెప్టెంబరులో ఇటలీలోని వెరోనాలో జరిగే మార్మోమాక్ అనే రాళ్ల ఎగ్జిబిషన్‌కు ఏళ్లుగా వెళ్తున్నాను. నోట్లయితే ట్రిప్పుకు 3000 డాలర్లకు మించి ఇవ్వరు. అందుకే మిగతాది కార్డులో యూరోలుగా వేయించుకుంటాను. కిందటిసారి ఎగ్జిబిషన్ అయిపోయాక, శనివారం సాయంత్రం, స్టేషన్ దగ్గర ఏటీఎంలో కార్డు పెట్టాను. పిన్ కూడా అడక్కుండా మింగేసింది. బ్యాంకు తెరిచేది సోమవారం. నేనేమో ఆదివారం పొద్దున్నే కరారా పాలరాతి క్వారీలకు బయల్దేరాలి. జేబులో ఉన్నవి టాక్సీకీ భోజనానికీ సరిపోతాయి, అంతే.

రెండో కార్డు వేరే బ్యాగులో ఉంది. హోటల్ గదిలో కూర్చుని యాప్‌లో మొదటిది బ్లాక్ చేశాను, రెండోది యాక్టివేట్ చేసి పిన్ పెట్టుకున్నాను. నా కార్డులో రెండింటికీ బ్యాలెన్స్ ఒకటే, డబ్బు మార్చే పని లేదు. కాసేపటికే ఇంకో ఏటీఎంలో యూరోలు చేతికొచ్చాయి. పరాయి ఊళ్లో ఆ నిమిషం ఎంత ధైర్యం వచ్చిందో మాటల్లో చెప్పలేను. అన్నట్టు, రూపాయల్లో లెక్క కట్టమంటారా అని మిషన్ అడిగితే వద్దనండి. ఒప్పుకుంటే వాళ్ల రేటు పడుతుంది, ముందే యూరోలు కొనుక్కున్న లాభం అక్కడే పోతుంది.

ఈ కార్డొక్కటి ఉంటే చాలని ఇంతకుముందు నలుగురికీ చెప్పాను. ఇప్పుడు అంత మాట అనను. యాక్టివేట్ చేసేటప్పుడు ఓటీపీ మన ఇండియా నంబరుకే వచ్చింది. రోమింగ్ లేకపోతే ఆ రెండో కార్డూ పనికొచ్చేది కాదు. హోటల్లో డిపాజిట్‌కు మాత్రం దీన్ని ఇవ్వను, క్రెడిట్ కార్డే ఇస్తాను. గది ఖాళీ చేశాక కూడా పట్టి ఉంచిన డబ్బు రోజుల తరబడి వెనక్కి రాదు, అది మన ఖర్చుల డబ్బే కదా. ఇక చైనాలో షామెన్ స్టోన్ ఫెయిర్‌కు వెళ్తే, నా కార్డులో యువాన్ లేదు కాబట్టి డాలర్ల నుంచి తీసుకుంటుంది, దానిమీద 3.5 శాతం కోత.

యూరోలూ డాలర్లతోనే ఎక్కువ పని కాబట్టి నేనైతే మళ్లీ ఇదే రెన్యూ చేయించుకున్నాను. మా అబ్బాయి తిరిగేదంతా చైనా. వాడికి మాత్రం తీయించలేదు.