కుక్కల జింగిల్ బెల్స్, కక్ష్యలో జింగిల్ బెల్స్: ఏది మేలు?

జింగిల్ బెల్స్ పల్లవిని స్వరాల్లో రాస్తే ఇలా ఉంటుంది: గగగ, గగగ, గపసరిగ. చివరిదాకా వెళ్లినా స నుంచి ప దాటదు. ఐదే స్వరాలు. ఇంగ్లిషు ఒక్క ముక్క రాని పిల్లలు కూడా దీన్ని ఇట్టే అందుకునేది అందుకే. నాకు అమితంగా నచ్చిన రెండు వింత రికార్డింగులు పుట్టింది కూడా ఆ ఐదు స్వరాల చలవతోనే.

మొదటిది 1955 నాటిది. డెన్మార్క్‌లో కార్ల్ వైస్‌మన్ పక్షుల కూతలను టేపు మీద పట్టేవాడు. మధ్యలో ఎక్కడో కుక్క మొరిగేది, ఆ ముక్క కత్తిరించి తీసేయాల్సి వచ్చేది. పారేయవలసిన ఆ మొరుగుల్లోంచే ఏ స్వరానికి ఏది సరిపోతుందో ఏరి, టేపు ముక్కలు అతికించి పాట కట్టాడు. కంప్యూటర్ లేని రోజుల్లో అంత పని చేయడానికి బ్లేడుతో పాటు గొప్ప చెవి కూడా ఉండాలి. గగగ అన్నచోట మూడు మొరుగులు అచ్చు గుద్దినట్టు పడతాయి. 1971లో మళ్లీ విడుదలయ్యాక ఇది అమెరికా రేడియోల్లో క్రిస్మస్ పాటగా స్థిరపడింది.

రెండోది 1965 డిసెంబరు 16న అంతరిక్షంలో పుట్టింది. అమెరికా అంతరిక్ష నౌక జెమిని 6లో వాల్టర్ షిరా, టామ్ స్టాఫర్డ్ అనే వ్యోమగాములు ఉన్నారు. ఆ నెల 12న ప్రయోగ వేదిక మీద ఇంజిన్లు అంటుకున్న మరుక్షణమే ఆగిపోయాయి. నిబంధనల ప్రకారం షిరా సీటుతో సహా బయటికి ఎగిరిపోయే మీట లాగాలి. లాగలేదు, నిబ్బరంగా కూర్చున్నాడు. 15న మళ్లీ బయలుదేరి, కక్ష్యలో ఉన్న మరో నౌక జెమిని 7కు అడుగు దూరం దాకా వెళ్లారు. మర్నాడు తిరుగు ప్రయాణానికి ముందు స్టాఫర్డ్ కిందికి గంభీరంగా కబురు చెప్పాడు: ఉత్తరం నుంచి దక్షిణానికి, బాగా కిందుగా, ఉపగ్రహం లాంటిదేదో వెళ్తోంది, ఏదో సంకేతం ఇస్తున్నట్టుంది. వెంటనే షిరా మౌత్ ఆర్గాన్, స్టాఫర్డ్ మువ్వలు జింగిల్ బెల్స్ మోగించాయి. ఆ ఉపగ్రహం క్రిస్మస్ తాత బండి అన్నమాట. ఆ మౌత్ ఆర్గాన్‌కు ఉన్నవి నాలుగు రంధ్రాలు, ఎనిమిది స్వరాలు మాత్రమే. ఈ పాటకు అవే ఎక్కువ.

వినసొంపు చూస్తే కుక్కలదే పైచేయి. తాళం తప్పదు, ప్రతి స్వరం స్పష్టం. జెమిని రికార్డింగులో రేడియో గరగర మధ్య వాద్యం సన్నగా వినిపిస్తుంది. అయినా ప్రతి డిసెంబరులో నేను ముందు పెట్టుకునేది దాన్నే. కుక్కల పాటను ఏ ప్రాణీ ఎప్పుడూ పాడలేదు, అది టేపు మీద మాత్రమే ఉంది. ఎంత గొప్ప పనితనమో తెలిశాక దాని మీద గౌరవం పెరుగుతుంది, కానీ నాలుగోసారి విన్నప్పుడు కొత్తగా దొరికేదేమీ ఉండదు. జెమిని పాటలో మాత్రం ఊపిరి వినిపిస్తుంది. నాలుగు రోజుల ముందు మృత్యువు పక్కన కూర్చుని వచ్చిన మనిషి ఊపిరి అది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే కుక్కల పాటే పెట్టండి, వాళ్లకు అదే పండుగ. మీ కోసమైతే జెమిని. అయితే బాణీ ముక్క మాత్రమే ఉన్న క్లిప్పుతో సరిపెట్టుకోకండి. స్టాఫర్డ్ ఆ ఉపగ్రహం కబురు మొదలుపెట్టే చోటు నుంచి వినండి. అంత గంభీరమైన గొంతు వెనకనే గగగ వచ్చినప్పుడు కింద ఉన్నవాళ్లకు ఎలా అనిపించి ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.