చిప్ కీ, ఫ్లిప్ కీ, పుష్ స్టార్ట్ రిమోట్: అన్నీ మార్పించి చూశాక

మాకు 2012 స్విఫ్ట్, 2019 క్రెటా ఉన్నాయి. రెండిటికీ తాళాలు మార్పించాల్సి వచ్చింది. ఇప్పటికీ అవే వాడుతున్నాను.

స్విఫ్ట్ తాళం బటన్ల రబ్బరు చిరిగితే విజయవాడ ఆటోనగర్‌లో ఫ్లిప్ కీ (బటన్ నొక్కితే బ్లేడు, అంటే తాళంచెవి పుల్ల, బయటికొచ్చే రకం) డొప్పలోకి మార్పించాను. బండెక్కి సెల్ఫ్ కొడితే మోటారు తిరుగుతోంది గానీ ఇంజన్ అందుకోవట్లేదు. మీటర్లో లైటు ఒకటే మిణుకు. చూస్తే, చింతగింజలో సగం కూడా లేని నల్లటి చిప్ పాత డొప్ప మూలలోనే ఉండిపోయి, దాంతోపాటు చెత్తడబ్బాలోకి వెళ్లింది. డబ్బా బోర్లించి వెతికితే దొరికింది. ఆ చిప్‌కి బ్యాటరీ అక్కర్లేదు, ఇగ్నిషన్ చుట్టూ ఉన్న కాయిల్ నుంచే కరెంటు అందుకుని కోడ్ పంపుతుంది. అందుకే రిమోట్ సెల్ అయిపోయినా బండి స్టార్టవుతుంది, చిప్ లేకపోతే మాత్రం అవ్వదు. డొప్ప మార్పించేటప్పుడు దగ్గరే నిలబడండి, పాతది అడిగి తెచ్చుకోండి.

ఫ్లిప్ కీ చూడ్డానికి బాగుంది. మూడేళ్లకి స్ప్రింగు వదులై బ్లేడు ఊగడం మొదలైంది.

క్రెటా పుష్ స్టార్ట్ రిమోట్ ఒకటి పెళ్లిలో పోయింది. బయట సగం ధరకే చేస్తామన్నారు, అయినా షోరూమ్‌లోనే తీసుకున్నాను. ప్రోగ్రామింగుతో కలిపి 11,000 దాటింది, మనసు చివుక్కుమంది. కానీ కారు దొంగలెత్తుకుపోతే ఇన్సూరెన్సు వాళ్లు రెండు తాళాలూ అడుగుతారు, అందుకే రెండోదీ షోరూమ్‌దే ఉండాలనుకున్నాను. ఉన్న రిమోట్ కూడా తెమ్మన్నారు, స్టీరింగ్ కింద పోర్టుకి స్కానర్ తగిలించి రెండూ మళ్లీ రిజిస్టర్ చేశారు. పోయిన రిమోట్‌తో ఇక బండి స్టార్టవదు. దాని లోపలి బ్లేడుతో తలుపు మాత్రం తెరుచుకుంటుంది, కారులో విలువైనవి వదలకండి.

ఓ రాత్రి ఇంటికి దూరంగా రిమోట్ సెల్ చచ్చిపోయింది. లోపలి బ్లేడు లాగి తలుపు తీసి, రిమోట్‌నే స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కాను, స్టార్టయింది. ఈ సంగతి మా ఆవిడకీ, అబ్బాయికీ చేయించి చూపించాను. సీఆర్ 2032 సెల్ ఒకటి డాష్‌బోర్డులో ఉంచుతున్నాను.

అన్నిట్లో నాకు నచ్చింది స్విఫ్ట్‌కి చేయించిన మూడో తాళం. రిమోట్ లేదు, బటన్లు లేవు, చిప్ ఒక్కటే. 1,800 అయింది. ఒరిజినల్ చేతిలో ఉండగానే చేయించాను కాబట్టి అంతలో తేలింది. నాలుగేళ్లుగా ఒక్కసారీ మొరాయించలేదు.