రోటాక్స్ 912 యూఎల్ఎస్, 700 గంటల తర్వాత: కూలింగ్, పెట్రోలు లైన్లు ఎలా నిలిచాయి

తీర్పు ముందే చెప్పేస్తాం. రోటాక్స్ 912 యూఎల్ఎస్ అనే ఈ విమానం ఇంజనుకు ఐదుకు నాలుగున్నర. విమానం కట్టే కిట్టుతో వచ్చిన రేడియేటర్ డక్టుకు (రేడియేటర్‌కు గాలిని చేర్చే దారికి) రెండు. పెట్రోలు లైన్లకు మొదట రెండున్నర, మార్పులు చేశాక నాలుగు. విమానం ఇంట్లో కట్టిన రెండు సీట్ల లో-వింగ్ (రెక్కలు కిందుండే రకం), ప్రొపెల్లర్ ముందుంటుంది. రెక్కకో ట్యాంకు, ఇంజను మీద మెకానికల్ పంపు, దానికి తోడు ఎలక్ట్రిక్ పంపు, రెండు కార్బ్యురేటర్లు. హై-వింగ్ వాళ్లకు పెట్రోలు సంగతుల్లో కొన్ని వర్తించవు, కూలింగ్ మాత్రం అందరికీ ఒకటే.

ఈ ఇంజనులో సిలిండర్లను గాలి, హెడ్లను (సిలిండర్ల మూతలను) కూలెంట్ చల్లబరుస్తాయి. మిగతా వేడిని ఆయిల్ మోస్తుంది. ఆ వేడంతా గాలిలో కలిసి ఒకే కౌలింగులోంచి (ఇంజను చుట్టూ ఉండే కప్పులోంచి) బయటికి పోవాలి. వేడెక్కుతోందనగానే అందరం కౌలింగ్ ముందువైపు రంధ్రం పెద్దది చేస్తాం. దానివల్ల ఒరిగింది దాదాపు ఏమీ లేదు, డ్రాగ్ (గాలి ఇచ్చే నిరోధం) మాత్రం పెరిగింది. లోపలికొచ్చిన గాలికి బయటికి దారి చాలనప్పుడు ముందు తలుపు ఎంత తెరిచినా ఒకటే.

ఊహతో పనిలేదు, కొలవొచ్చు. పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాన్ని యూ ఆకారంలో వంచి ఒక పలకకు బిగించి, పక్కన స్కేలు అంటించి, రంగు కలిపిన నీళ్లు సగం దాకా పోయాలి. ఒక కొస రేడియేటర్‌కు ముందు డక్టులోకి, రెండో కొస రేడియేటర్ వెనక్కి. గాలి నేరుగా మూతిలోకి కొడితే రీడింగు తప్పుతుంది కాబట్టి కొసలు మూసేసి, గొట్టం పక్కల సన్నటి రంధ్రాలు పొడవాలి. 100 నాట్ల వేగంలో ఎదురుగాలి ఇవ్వగల పీడనం మొత్తం సుమారు 16.5 సెంటీమీటర్ల నీటిమట్టం. 65 నాట్లతో పైకి ఎక్కేటప్పుడు అది 7కి పడిపోతుంది. అప్పుడే ఇంజను 5800 ఆర్‌పీఎం దగ్గర పూర్తి పవర్‌లో ఉంటుంది. వేడి ఎక్కువ, గాలి తక్కువ. క్రూజులో (సమంగా ఎగిరేటప్పుడు) గేజు బాగుందని సంబరపడేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

మా దగ్గర ఆ 7లో రేడియేటర్‌కు అందింది కొంతే. తక్కినదంతా కౌలింగ్ లోపల పేరుకుపోయిన వెనక పీడనం. కౌలింగ్ అడుగున గాలి బయటికొచ్చే అంచుకు అల్యూమినియం రేకును పెదవిలా కిందికి వంచి బిగించాం. రేడియేటర్ చుట్టూ ఉన్న సందులను సిలికాన్ పట్టీలతో మూశాం. ఈ రెండిటితోనే ఎక్కేటప్పటి కూలెంట్ 10 డిగ్రీలకు పైగా తగ్గింది. సందులు వెతకడానికి చీకట్లో డక్టులోపల టార్చి పెట్టి బయటినుంచి చూడాలి. వెలుగు కనబడినచోటల్లా గాలి రేడియేటర్‌ను తప్పించుకుపోతోందని అర్థం. వేలు దూరని సందు కూడా చుట్టూ కలిపి లెక్కేస్తే పెద్ద రంధ్రమే అవుతుంది.

గేజు విషయంలో ఒక తికమక ఉంది. పాత హెడ్లలో సెన్సర్ లోహం వేడిని చూపిస్తుంది, యూఎల్ఎస్‌కు పరిమితి 135 డిగ్రీలు. కొత్త హెడ్లలో సెన్సర్ నేరుగా కూలెంట్‌లో ఉంటుంది, పరిమితి 120. ఎవరిదో పాత చెక్‌లిస్టు తెచ్చి కొత్త ఇంజనుకు 135 దగ్గర ఎర్రగీత గీసుకుంటే కూలెంట్ మరిగేదాకా హెచ్చరిక రాదు.

కూలెంట్‌గా సగం గ్లైకాల్, సగం డిస్టిల్డ్ వాటర్ బాగానే నిలిచింది. నీళ్లు లేని కూలెంట్ కూడా వాడి చూశాం. అది మరగదు, నిజమే. కానీ వేడి మోసే శక్తి తక్కువ కాబట్టి ఇంజను ఎప్పుడూ ఇంకాస్త వేడిగానే నడిచింది. తిరిగి మామూలు కూలెంట్‌కే వచ్చాం. ఎక్స్‌పాన్షన్ ట్యాంకు మొత్తం సర్క్యూట్లో అన్నిటికన్నా ఎత్తున ఉండాలి, లేకపోతే బుడగలు హెడ్లలోనే చిక్కుకుంటాయి. 1.2 బార్ మూతలో రెండు వాల్వులుంటాయి. వేడెక్కినప్పుడు కూలెంట్‌ను ఓవర్‌ఫ్లో సీసాలోకి వదిలేది ఒకటి, చల్లారాక వెనక్కి పీల్చేది ఇంకొకటి. రెండో వాల్వు రబ్బరు గట్టిపడితే కూలెంట్ సీసాలోనే ఉండిపోతుంది, ట్యాంకులోకి గాలి చేరుతుంది. సీసా నిండుగా కనిపిస్తుంది, ఇంజనులో మాత్రం కూలెంట్ తక్కువ. అందుకే సీసా చూసి ఊరుకోకుండా, చల్లటి ఇంజనులో మూత తీసి అంచుదాకా ఉందో లేదో చూడాలి. సీసాలోని గొట్టం కొస ఎప్పుడూ మునిగి ఉండాలి, సీసా మూతకు గాలి రంధ్రం ఉండాలి.

ఆయిల్ కూలర్ దగ్గర చాలామందికి తెలియని సంగతి, ఇక్కడ అది పంపుకు ముందుంటుంది. పంపు ట్యాంకులోని ఆయిల్‌ను కూలర్ మీదుగా పీల్చుకుంటుంది. పీల్చే లైన్లో సన్నటి చిల్లు పడితే బయట చుక్క ఆయిల్ కనబడదు, గాలే లోపలికి పోతుంది. ప్రెషరు ముల్లు వణకడం మొదలైతే ముందు ఈ క్లాంపులు చూడాలి. హోస్ లోపలి వ్యాసం 11 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, పొడవు పెరిగేకొద్దీ ఇంకా లావు కావాలి. 90 డిగ్రీల మలుపులు ఎన్ని తగ్గితే అంత మంచిది. కూలర్ మూతులు పైకి చూసేలా బిగించకపోతే గాలి అందులోనే నిలుస్తుంది.

ఆయిల్ 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉండాలి, గరిష్ఠం 130. చలిలో కూలర్‌కు టేపు అంటించడం అందరూ చేసేదే, అయితే టేపు వేసిన రోజు మధ్యాహ్నం ఎండెక్కితే తిప్పలే. తర్వాత పెట్టించిన ఆయిల్ థర్మోస్టాట్ (వేడెక్కాకే ఆయిల్‌ను కూలర్‌కు పంపేది) ఖర్చుకు తగినదే. ఆయిల్ 100 డిగ్రీలు తాకకపోతే అందులో చేరిన నీరు పోదు. ట్యాంకు మూత లోపల పెరుగులాంటి తెల్లటి పొర కనబడితే ఇంజను చాలాకాలంగా చల్లగా నడుస్తోందన్నమాట.

ఇక పెట్రోలు. ఈ ఇంజను టేకాఫ్‌లో గంటకు సుమారు 27 లీటర్లు తాగుతుంది. పంపుతో నడిచే ఏర్పాటు దానికి 125 శాతం, పంపు లేకుండా కిందికి పారే ఏర్పాటు 150 శాతం ఇవ్వగలగాలి. అంటే నిమిషానికి 560 మిల్లీలీటర్లు, 675 మిల్లీలీటర్లు. పరీక్ష చేసేటప్పుడు ముక్కును గరిష్ఠ క్లైంబ్ కోణానికి ఇంకో 5 డిగ్రీలు పైకెత్తి నిలపాలి. ట్యాంకులో తక్కువ పెట్రోలే ఉంచి, కార్బ్యురేటర్ దగ్గర హోస్ విప్పి, అదే ఎత్తులో కొలజాడీ పట్టి, ఐదు నిమిషాలు పారించాలి. రెండు ట్యాంకులకూ విడివిడిగా, రెండు పంపులకూ విడివిడిగా చేయాలి. ఐదో నిమిషంలో వచ్చింది మొదటి నిమిషం కంటే తగ్గితే ట్యాంకు వెంట్‌ను (లోపలికి గాలి వచ్చే గొట్టాన్ని) అనుమానించాలి. వెంట్ గొట్టంలో పురుగు గూడు కడితే ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడి, గంట ఎగిరాక ప్రెషరు జారడం మొదలవుతుంది. దిగాక మూత తీయగానే బుస్సుమంటుంది.

ప్రెషరు 0.15 నుంచి 0.4 బార్ లోపల ఉండాలి, కొత్తరకం పంపుకు పైహద్దు 0.5. ఎక్కువ ప్రెషరున్న కారు పంపు పెడితే కార్బ్యురేటర్ నీడిల్ (లోపలికొచ్చే పెట్రోలును ఆపే సూది) దాన్ని ఆపలేదు, పెట్రోలు పొంగుతుంది. ఆ నీడిల్‌ను కదిపే ఫ్లోట్లను (పెట్రోలు మీద తేలే బిళ్లలను) ఏటా తూచండి. ఒక కార్బ్యురేటర్లోని రెండూ కలిపి 7 గ్రాములు దాటితే అవి పెట్రోలు పీల్చి మునుగుతున్నట్టే. చిన్న డిజిటల్ త్రాసు చాలు.

మాకు ఎక్కువ పని పెట్టింది మాత్రం గాలిలో వేడి కాదు. ఇంజను ఆపాక మొదటి 15 నిమిషాలు. గాలి ఆగిపోతుంది, కూలెంట్ తిరగదు, ఎగ్జాస్ట్ వేడి పైకి ఎగబాకి కార్బ్యురేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నెలను తాకుతుంది. పెట్రోలు అక్కడే మరుగుతుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే ఇంజను తడబడుతుంది. కొన్నిసార్లు టేకాఫ్ పరుగు మధ్యలో ఆవిరి బుడగ అడ్డుపడుతుంది, అది అసలు ప్రమాదం. ఒకసారి వేడెక్కితే రంగు మారి అలాగే ఉండిపోయే టెంపరేచర్ స్టిక్కర్లు పంపుకు, గిన్నెకు, ఇగ్నిషన్ మాడ్యూళ్లకు అంటించండి. మాడ్యూళ్ల పరిమితి 80 డిగ్రీలు. ఈ స్టిక్కర్లు చెప్పింది ఏ గేజూ చెప్పలేదు. గిన్నె స్టిక్కర్ ఎగురుతున్నంతసేపూ తెల్లగానే ఉండి, విమానం ఆపి నిలబెట్టాక నల్లబడేది.

మందుగా పనిచేసినవి ఇవి. ఎగ్జాస్ట్‌కు, కార్బ్యురేటర్‌కు మధ్య రెండు వైపులా గాలి ఆడేలా స్టీలు రేకు అడ్డం పెట్టాం, కార్బ్యురేటర్ కిందనే డ్రిప్ ట్రే, దానికి బయటికి పోయే గొట్టం. ఆపగానే ముక్కు గాలికెదురుగా తిప్పి, కౌలింగ్ మీది ఆయిల్ తలుపు తెరిచి ఉంచుతాం. ఎలక్ట్రిక్ పంపును ఇంజను గదిలోంచి తీసి ట్యాంకు దగ్గర, ట్యాంకు మూతి కంటే కిందుగా పెట్టాం. వేడి పెట్రోలును పీలిస్తే బుడగలు పుడతాయి, నెడితే అణిగి ఉంటాయి. హోస్‌కు తొడిగే ఫైర్ స్లీవ్ మంటనుంచి కాపాడుతుంది కానీ వేడిని ఆలస్యం చేయడమే తప్ప ఆపదు, ఆపాక చల్లారడం కూడా ఆలస్యమే.

అన్నిటికన్నా మేలు చేసింది రిటర్న్ లైను. కార్బ్యురేటర్లకు పాయ విడిపోయే ఎత్తైన చోటునుంచి 0.35 మిల్లీమీటర్ల జెట్ గుండా ట్యాంకు పైభాగానికి వెళ్తుంది. 0.3 బార్ దగ్గర లెక్కేస్తే గంటకు రెండు లీటర్ల పైచిలుకు పారుతుంది, దారిలో ఆవిరి కూడా పోతుంది. జెట్ ముందు సన్నటి జాలీ ఉండాలి, లేకపోతే దుమ్ము రేణువు చాలు మూసుకుపోవడానికి. రిటర్న్ ఒక ట్యాంకుకే వేసి, రెండోదానిమీద నడిపితే మొదటిది నిండి వెంట్ నుంచి బయటికి కారుతుంది. ఫ్లో మీటరు కూడా ఆ రెండు లీటర్లను తాగినట్టే చూపిస్తుంది.

పెట్రోలు రకం కూడా చూసుకోవాలి. ఏవ్‌గ్యాస్ (విమానాల పెట్రోలు) ఆవిరి పీడనం, అంటే ఎంత తేలిగ్గా ఆవిరవుతుందో చెప్పే కొలత, 38 నుంచి 49 కిలోపాస్కల్స్. చలికాలపు కారు పెట్రోలుది అంతకు రెట్టింపు దాకా ఉండొచ్చు. ఆ పెట్రోలు ట్యాంకులో ఉండగా ఒక వెచ్చటి రోజు వస్తే పైన చెప్పిన పాట్లన్నీ ఒకేసారి మొదలవుతాయి. ఏవ్‌గ్యాస్ ఎక్కువగా వాడితే సీసం పేరుకుంటుంది, ఆయిల్ త్వరగా మార్చాలి. ఆల్కహాలు ఉందేమో చూడ్డానికి సన్నటి సీసాలో ఒక వంతు నీళ్లకు గీత పెట్టి, తొమ్మిది వంతుల పెట్రోలు పోసి కుదిపి నిలపండి. నీటిమట్టం గీత దాటితే ఆల్కహాలు నీళ్లలో కలిసిందన్నమాట. ఫైబర్ ట్యాంకులకు ఇది చేయకుండా నింపొద్దు.

జాయింట్లకు టెఫ్లాన్ టేపు వాడకండి. పోగు ఊడి ఫిల్టర్ దాటితే నీడిల్ కింద చేరుతుంది. విమానం ఫిట్టింగులు 37 డిగ్రీల ఫ్లేర్ (గొట్టం మూతి విప్పారే కోణం), కారువి 45. చేత్తో బిగిస్తే రెండూ పట్టినట్టే ఉంటాయి, ఆ తర్వాత కారతాయి.

రబ్బరు హోసులన్నీ ఐదేళ్లకోసారి మార్చాలి. పాతవి కోసి లోపల చూడండి. ఫిట్టింగ్ పళ్లమీదికి హోస్‌ను పొడిగా బలవంతంగా తోసినప్పుడు లోపలి పొర నాలుకలా లేస్తుంది. అది పెట్రోలు మెల్లగా పారినప్పుడు పక్కకు ఒదిగి ఉంటుంది, పూర్తి త్రాటిల్‌లో ప్రవాహానికి అడ్డంగా మూసుకుంటుంది. కొత్త హోస్ తొడిగేముందు కొసకు చుక్క ఆయిల్ రాసి, తొడిగాక అవతలి కొసనుంచి టార్చి వేసి చూసిన తర్వాతే క్లాంపు బిగించండి.