గండికోట ఆకాశంలో మచ్చలు: సింక్ చేయాలా, ముందే తెల్లకాగితాన్ని ఫోటో తీయాలా?

గండికోటలో ఎఫ్16 (లెన్స్ రంధ్రం బాగా చిన్నది) పెట్టి పెన్నా లోయ ఫోటోలు తీశా. ఇంటికొచ్చి చూస్తే ఆకాశమంతా బూడిదరంగు చుక్కలు. రంధ్రం పెద్దదయ్యే ఎఫ్4లో ఇవి దాదాపు కనిపించవు. కెమెరాలో బొమ్మ పట్టే సెన్సర్ మీది దుమ్ము కాబట్టి ప్రతి ఫోటోలోనూ అదే చోట ఉంటాయి.

ఫోటోలు దిద్దే లైట్‌రూమ్‌లో ఒక ఫోటోకు హీల్ (మచ్చను వేరే చోటి ముక్కతో కప్పడం) కొట్టి, మిగతా 200 ఫోటోలకు సింక్ చేస్తే, అంటే అదే దిద్దుబాటు వాటికీ వేస్తే, ఆకాశం శుభ్రమే. చిక్కంతా కోట గోడ దగ్గర. ఒకదాంట్లో ఆకాశం ఉన్న చోట ఇంకోదాంట్లో రాయి ఉంటుంది కదా! నాకైతే బురుజు అంచుకు మబ్బుముక్క అతుక్కుంది. అందుకే సింక్ అయ్యాక ఒక్కొక్కటీ చూసుకోవాల్సిందే.

కేనన్ కెమెరాల్లోని డస్ట్ డిలీట్ డేటా పద్ధతి వేరు. ముందే తెల్లకాగితాన్ని ఫోటో తీస్తే, తర్వాతి ఫోటోలకు మచ్చల చిరునామా చేరుతుంది. కేనన్ సాఫ్ట్‌వేర్ డీపీపీలో వాటంతటవే చెరిగిపోతాయి. పాత ఫోటోలకు పనికిరాదు. పైగా ఆ లోయ గాలికి కాగితం నిలిస్తేగా! నేను సింక్‌తోనే సరిపెట్టుకుంటున్నా.