గడువు ముగిసిన విండోస్ 10 కంప్యూటర్: ఉంచుకోవాలా, మార్చాలా, లినక్స్‌కు వెళ్లాలా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. 2015 జులైలో వచ్చిన ఈ వ్యవస్థ పదేళ్లకు పైగా మన ఇళ్లలో, జిరాక్స్ షాపుల్లో, ఆడిటర్ల గదుల్లో, పాఠశాలల ల్యాబుల్లో పనిచేసింది. ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది. మద్దతు ముగిసినంత మాత్రాన కంప్యూటర్ ఆగిపోదు కదా. టాలీ తెరుచుకుంటుంది, ప్రింటు వస్తుంది, వీడియో ఆడుతుంది. అందుకే చాలామంది ఆ తేదీని పట్టించుకోలేదు. ఇంకొందరు దుకాణదారు మాట విని, నిక్షేపంలా ఉన్న యంత్రాన్ని పాతసామానుకు వేసి కొత్తది తెచ్చుకున్నారు. ఈ రెండు పనులూ నాకు బాధ కలిగిస్తాయి. మొదటిదానివల్ల మన ఫైళ్లు, డబ్బు ప్రమాదంలో పడతాయి. రెండోదానివల్ల ఇంకా ఐదేళ్లు నడవగల యంత్రం చెత్తలోకి పోతుంది. ఈ రెండింటి మధ్య మంచి దారులే ఉన్నాయి.

ఏమీ చేయకుండా వదిలేస్తే ఏమవుతుందో ముందు చూద్దాం. ప్రతి నెలా రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్ భద్రతా సవరణలు విడుదల చేస్తుంది. విండోస్ 10, 11 లోపలి కోడ్ చాలావరకు ఒకటే. 11లో ఒక లోపాన్ని సరిచేసినప్పుడు, సవరణకు ముందున్న ఫైలునూ తర్వాతి ఫైలునూ పక్కపక్కన పెట్టి పోల్చితే లోపం ఎక్కడుందో నేరగాళ్లకు తెలిసిపోతుంది. సవరణ అందని 10లో అదే లోపం అలాగే ఉంటుంది. అంటే కొత్త వ్యవస్థ బాగుపడిన ప్రతిసారీ పాతదాని బలహీనత ఒకటి బయటపడుతుంది.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. 2017 మే 12న ప్రపంచమంతా వ్యాపించిన వానాక్రై అనే వైరస్ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే సవరణ ఇచ్చింది. మధ్యలో రెండు నెలల సమయం ఉన్నా అప్‌డేట్ వేసుకోని యంత్రాలు లక్షల సంఖ్యలో దెబ్బతిన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు, తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఫైళ్లన్నింటికీ తాళం వేసి బిట్‌కాయిన్లలో డబ్బు అడిగే ఆ దాడికి ఎవరూ ఏ లింకూ నొక్కనక్కరలేదు. ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే చాలు, ఒక యంత్రం నుంచి మరోదానికి తనంతట తానే పాకింది.

"యాంటీవైరస్ ఉంది, క్రోమ్ అప్‌డేట్ అవుతూనే ఉంది, ఇంకేమి కావాలి?" అని అడిగేవారున్నారు. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌కు, కొత్త వైరస్‌లను గుర్తుపట్టే నిర్వచనాలు 2028 అక్టోబర్ వరకు వస్తాయన్నది నిజమే. విండోస్ 7కు 2020 జనవరిలో మద్దతు ముగిసినా, క్రోమ్ 2023 తొలి నెలల వరకు దానిపై కొత్త వెర్షన్లు ఇచ్చింది. 10కూ కొంతకాలం అలాగే ఇస్తుందని ఆశించవచ్చు. కానీ బ్రౌజర్ ఎంత గట్టిదైనా అది నిలబడేది కింద ఉన్న వ్యవస్థ మీదనే. బ్యాంకు ఖాతా, ఆధార్ ప్రతులు, పిల్లల ఫొటోలు ఉన్న యంత్రాన్ని సవరణలు లేకుండా నెట్‌కు కలిపి ఉంచడం అన్నింటికన్నా చెడ్డ ఎంపిక. దీనిపై నాకు రెండో అభిప్రాయం లేదు.

దీనికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నో డీటీపీ సెంటర్లలో పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత పేజీల కూర్పు సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతోనే తయారవుతున్నాయి. పేజ్‌మేకర్ చివరి ప్రధాన వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ప్రతి భాష అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే యూనికోడ్ పద్ధతిలో అను ఫాంట్లు నడవవు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను, వత్తులను, గుణింతపు గుర్తులను అమర్చుకుని పనిచేస్తాయి. ఆ ఫాంట్లు లేని చోట ఫైలు తెరిస్తే తెర నిండా అర్థం లేని గుర్తులే. ఇరవై ఏళ్ల పని అలాంటి ఫైళ్లలో ఉన్నవారికి "విండోస్ తీసేసి, ఉచితంగా దొరికే లినక్స్ అనే మరో వ్యవస్థ వేసుకోండి" అని చెప్పడం అన్యాయం. వారికి నా సలహా ఇది: ఆ యంత్రాన్ని విండోస్ 10తోనే ఉంచండి, కానీ నెట్ తీగ పీకేయండి, వైఫై ఆపేయండి. గిరాకీలు తెచ్చే పెన్‌డ్రైవ్‌లను, మెయిళ్లను మరో యంత్రంలో తెరవండి. నెట్ లేకపోయినా వైరస్ వచ్చే దారి పెన్‌డ్రైవే. కొత్తగా వచ్చే పనులనైనా యూనికోడ్ ఫాంట్లతో మొదలుపెట్టండి. మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి వంటి అందమైన ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఆ ఫైళ్లు రేపు ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటాయి.

మిగతావారికి తక్షణం అందుబాటులో ఉన్నది అదనపు భద్రతా సవరణల పథకం, పొట్టిగా ఈఎస్‌యూ. ఇళ్లలో వాడే యంత్రాలకు ఇది 2026 అక్టోబర్ 13 వరకు వర్తిస్తుంది. సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాతో సింక్ చేస్తే ఉచితం, లేదా 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు, లేదా 30 డాలర్లు. ఏ దారిలో వెళ్లినా మైక్రోసాఫ్ట్ ఖాతా తప్పదు. ఒకే ఖాతా కింద 10 యంత్రాల వరకు చేర్చుకోవచ్చు. యంత్రంలో విండోస్ 10 చివరి వెర్షన్ అయిన 22హెచ్2 ఉండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే చేరే లింకు అక్కడే కనిపిస్తుంది. కొత్త సదుపాయాలేవీ రావు, ముఖ్యమైన భద్రతా సవరణలు మాత్రమే వస్తాయి. మనకు కావలసింది కూడా అవే. సంస్థలకైతే లెక్క వేరు: మొదటి ఏడాది యంత్రానికి 61 డాలర్లు, ఆ తర్వాత ఏటా రెట్టింపు, గరిష్ఠంగా మూడేళ్లు. ఇరవై కంప్యూటర్లున్న చిన్న కార్యాలయానికి ఇది గిట్టుబాటు కాదు. ఇళ్లవారు మాత్రం చేరి తీరాలి. అయితే ఇది ఊపిరి తీసుకోవడానికి ఇచ్చిన గడువు మాత్రమే, తర్వాత ఏమి చేయాలో ఈలోగానే తేల్చుకోవాలి.

ఆ తేల్చుకోవడంలో మొదట చూడవలసింది ప్రాసెసర్ పేరు. విండోస్ 11కు ఇంటెల్‌లో 8వ తరం నుంచి, ఏఎండీలో సాధారణంగా రైజెన్ 2000 వరుస నుంచి అర్హత ఉంది. ఐ5-8250యూ అంటే 8వ తరం, అర్హత ఉన్నట్లే. 2017, 18 ప్రాంతంలో మన దగ్గర విరివిగా అమ్ముడైన ల్యాప్‌టాప్‌లలోని ఐ3-6006యూ 6వ తరం, కాబట్టి అర్హత లేదు. ప్రాసెసర్ సరైనదే అయినా అర్హత పరీక్షించే మైక్రోసాఫ్ట్ సాధనం పీసీ హెల్త్ చెక్ "పనికిరాదు" అని చెబితే వెంటనే నమ్మకండి. టీపీఎం అనే భద్రతా భాగం యంత్రంలో ఉండి కూడా బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగల మూల సెట్టింగుల్లో, ఆపివేసి ఉండవచ్చు. ఇంటెల్ బోర్డుల్లో దాని పేరు పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం. దాన్ని ఆన్ చేస్తే చాలాసార్లు సమస్య తీరిపోతుంది. డిస్క్‌కు బిట్‌లాకర్ అనే విండోస్ తాళం వేసి ఉంటే మాత్రం రికవరీ కీ ముందే కాగితం మీద రాసుకోండి. బయోస్ మార్పు తర్వాత యంత్రం దాన్ని అడిగే అవకాశం ఉంది. అర్హత ఉన్న యంత్రానికి విండోస్ 11 ఉచితం, సందేహం లేకుండా అదే మేలు.

అర్హత లేని యంత్రం మీద విండోస్ ఎక్కించే పెన్‌డ్రైవ్‌ను తయారుచేసే రూఫస్ వంటి సాధనంతో 11ను ఎక్కించే పద్ధతీ ఉంది. అది పనిచేస్తుంది. కానీ అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. ఏటా వచ్చే పెద్ద వెర్షన్‌ను మనమే మళ్లీ చేత్తో ఎక్కించాలి. భద్రత కోసం మారుతూ ఆ భద్రతకే హామీ లేని దారి పట్టడం నాకు నచ్చదు. సరదాగా ప్రయోగాలు చేసేవారు చేసుకోవచ్చు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నల కంప్యూటర్‌కు మాత్రం వద్దు, అక్కడ ఏదైనా ఆగిపోతే సరిచేసే మనిషి దగ్గర ఉండరు.

పైన చెప్పిన అర్హత లేని ఐ3 ల్యాప్‌టాప్‌కు నేను మనసారా చెప్పేది లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్. మింట్ 22 వరుసకు 2029 ఏప్రిల్ వరకు సవరణలు వస్తాయి, డబ్బు కట్టనక్కరలేదు, ఖాతా తెరవనక్కరలేదు. 4 జీబీ ర్యామ్ ఉన్న యంత్రానికి దాని తేలికపాటి ఎక్స్‌ఎఫ్‌సీఈ కూర్పు సరిపోతుంది. ఇంకో గొప్ప సౌకర్యం ఏమిటంటే, పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు. హార్డ్ డిస్క్‌ను తాకకుండానే వైఫై, శబ్దం, కెమెరా, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో పరీక్షించుకుని, అన్నీ సరిగా ఉంటేనే ఎక్కించుకోండి. కొన్ని బ్రాడ్‌కామ్ వైఫై కార్డులు మొదట్లో మొరాయిస్తాయి. ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి దాని నెట్ ఇస్తే డ్రైవర్ దించుకోవచ్చు. తెలుగు టైపింగుకు ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్ పద్ధతులన్నీ ఉన్నాయి. పొరుగున కేరళ ప్రభుత్వ పాఠశాలల ల్యాబులు ఏళ్లుగా లినక్స్ మీదనే నడుస్తున్నాయి. మన దగ్గర హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులో అందించడానికి చాలాకాలంగా కృషి చేస్తోంది. మన బడులు కూడా ఈ బాటలో ఎందుకు నడవకూడదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

లినక్స్ కుదరని చోట్లను దాచిపెట్టడం మాత్రం తప్పు. టాలీ, డెస్క్‌టాప్ ఎంఎస్ ఆఫీస్ నేరుగా నడవవు. ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ మామూలు ఉత్తరాలకు, లెక్కలకు చాలు, కానీ మాక్రోలతో, అంటే పనులను వాటంతటవే చేసే ఆదేశాలతో, నిండిన ఎక్సెల్ ఫైళ్లకు చాలదు. టెండర్లకు, పన్ను పత్రాలకు వాడే డిజిటల్ సంతకాల టోకెన్లను నడిపించడానికి కుస్తీ పట్టాలి. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు సులువుగా కలుస్తాయి. మన కార్యాలయాల్లో ఎక్కువగా కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 మాత్రం ప్రత్యేకమైన డ్రైవర్ మీద ఆధారపడేది కావడంతో ఇబ్బంది పెడుతుంది. ఆడిటర్ కార్యాలయానికి నేను లినక్స్ సిఫారసు చేయను. బ్రౌజర్, మెయిల్, వీడియోలు, పిల్లల చదువు, ఇంతే అవసరమైన ఇంటికి ఇంతకన్నా మంచి మార్పు లేదంటాను. పాత కంప్యూటర్ల కోసం గూగుల్ ఇచ్చే వ్యవస్థ క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ ఇంకా సులువు. కానీ అందులో ప్లే స్టోర్ ఆప్‌లు రావు, పని అంతా బ్రౌజర్‌లోనే.

ఏ దారి పట్టినా, పాత ల్యాప్‌టాప్‌లో ఇంకా తిరిగే హార్డ్ డిస్కే ఉంటే దాని స్థానంలో తిరిగే భాగాలు లేని, వేగమైన ఎస్‌ఎస్‌డీ వేయించండి. కంప్యూటర్ ముసలిదైపోయిందని మనం అనుకునే నత్తనడకలో ఎక్కువ భాగం ఆ డిస్క్‌దే. పాత డిస్క్‌ను పారేయకుండా భద్రంగా పక్కన పెట్టుకుంటే అదే మీ బ్యాకప్.

ఇక కొనడం. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి, ఆ భారం కొత్త కంప్యూటర్ల మీదా పడుతోంది. విండోస్ తప్పనిసరి అయినవారు కొత్తదానికి ముందు కార్పొరేట్ సంస్థలు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ వంటి రీఫర్బిష్డ్ (బాగుచేసి మళ్లీ అమ్మే) ల్యాప్‌టాప్‌లను చూడండి. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల ఇవి దొరుకుతాయి. గట్టిగా కట్టినవి, భాగాలు మార్చుకోవడం సులువు. 8వ తరం కన్నా పాతది ఎంత చవకగా ఇచ్చినా విండోస్ కోసమైతే తీసుకోకండి. రెండో ర్యామ్ స్లాట్ ఉందో లేదో అడగండి. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో అక్కడే కూర్చుని చూడండి. డబ్బు ఇచ్చే ముందు బయోస్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్ లేదని రూఢి చేసుకోండి. పాత కంపెనీ పెట్టిన తాళం అలాగే మిగిలి ఉంటే టీపీఎం, సెక్యూర్ బూట్ సెట్టింగులను కూడా మీరు మార్చుకోలేరు.